గోడ మీది తీరం

ఆదివారం మధ్యాహ్నం మూడయింది. బయట వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. ఇంట్లో కరెంటు లేదు. హాల్లో భోజనాల బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరుచుకుని డ్రాఫ్ట్స్‌మన్ తల పట్టుకు కూర్చున్నాడు. ఆఫీసులో మురుగుకాలవల ప్లాన్లు గీసి గీసి చెయ్యి తిరిగినవాడే. అయినా ఈ ఒక్క పటం పొద్దుట్నుంచీ అతని ప్రాణం తోడేస్తోంది.

ఆరింటికి ముగ్గురు స్నేహితులు దిగబడతారు. రాక్షసులూ మాంత్రికులూ సీసపు సైనికుల బొమ్మలూ పెట్టి, పటం మీద ఆడే యుద్ధాల ఆట వాళ్లది. ఒకసారి మొదలైతే మూడు నెలలు సాగుతుంది. కిందటిసారి ఓడినవాడే కొత్త రాజ్యానికి పటం గీయాలి. పైగా తీరరేఖ సొంత బుర్రలోంచి పుట్టకూడదు, ఎవరూ గీయనిదాన్ని చూసి దించాలి. ఒకసారి ఒలికిన పాల మడుగు, ఇంకోసారి పెచ్చులూడిన మెట్టు. ఈసారి అతనికి పడగ్గది గోడ మీద చెమ్మ మరక కంటబడింది.

ఆ గోడను ఆనుకునే మంచం. మంచం మీద కాలు విరిగి, పిండికట్టుతో కదల్లేక పడున్న భార్య. పొద్దున్న ఆమె మీదుగా వంగి, మరక మీద కాగితం ఆనించి తీరమంతా దించుకున్నాడు. తలగడకు సరిగ్గా పైన వచ్చిన చోట ఒక కోట గీసి, మహారాణి కోట అని పేరు రాసి చూపించాడు కూడా.

"మహారాణికి మంచినీళ్లిచ్చే దిక్కు లేదు గానీ కోటొకటి తక్కువైంది," అందామె.

ఇప్పుడు పటం నిండా తేనెపట్టులా ఆరు మూలల గడులు గీశాడు. ఏ సైన్యమైనా వంతుకొక గడి జరగాలి. హమ్మయ్య, ఇక రంగులే తరువాయి అనుకుంటుండగా పడమటి తీరంలో ఒక నల్లచుక్క కనిపించింది. తను పెట్టింది కాదు. సిరా చిందిందేమో అనుకుని, అలవాటుగా సగం విరిచిన బ్లేడుతో గీకేశాడు. చుక్క పోయింది. సిరాబుడ్డికి మూత పెట్టి మళ్లీ చూస్తే, అక్కడే ఉంది. కాదు, ఒక గడి లోపలికి వచ్చి ఉంది.

"దీని దుంపతెగ!"

మళ్లీ గీకాడు. మళ్లీ వచ్చింది, ఇంకో గడి ముందుకి. గడియారం చూస్తే నాలుగు దాటింది. ఎక్కడి పని అక్కడే ఉంది. నాలుగోసారి గీకేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఏవండీ!" లోపల్నుంచి కేక. "ఆ గోడ గీకడం ఆపుతారా లేదా? సున్నమంతా నా మొహాన పడుతోంది."

"గోడేంటి? నేను హాల్లో ఉంటేనూ!"

"మరి గీకుతున్నదెవరు, మా తాతా?"

విసుక్కుంటూ లేచి వెళ్లాడు. గదిలో అడుగుపెట్టగానే చెమ్మ వాసన గుప్పున కొట్టింది. దాంతోపాటు తడిసిన తోలు వాసన, తుప్పు వాసన. మరక పొద్దుటికన్నా నల్లబడింది. దాని మీద నాలుగు చోట్ల సున్నం లేచిపోయి ఉంది, గోటితో గిల్లినట్టు. నాలుగూ ఒకే వరసలో, మరక అంచు నుంచి తలగడ వైపు.

"వానకి పెచ్చులూడుతున్నాయిలే," అన్నాడు. తన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి పటం చూశాడు. చుక్కకీ కోటకీ మధ్య రెండే గడులు. తను గీకిన ప్రతిసారీ అది ఆటలో సైన్యంలా తన వంతు ఆడింది. అంటే గీకకపోతే సరి. బ్లేడు బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పటం లేకపోతే స్నేహితులు నవ్వుతారు, నవ్వనీ.

వాన తగ్గింది. ఇల్లంతా నిశ్శబ్దం...

గరగర... గరగర...

లోపల. గోడలో.

బ్లేడు బల్ల మీదే ఉంది. చుక్క మాత్రం జరిగింది.

ఒక్క గడి.

కోటను జరపలేడు. సిరాతో గీసేశాడు, చెరిపితే అదొక వంతవుతుంది. మహారాణిని మాత్రం జరపగలడు. ఒక్క అంగలో గదిలోకి వెళ్లాడు.

"లే. హాల్లో పడుకుందువుగాని."

"ఇప్పుడా? కాలు..."

"ష్... మాట్లాడకు."

గోడ వైపు చూడలేదు. చేతులు రెండూ కిందకి పోనిచ్చి, కట్టు కాలితో సహా ఆమెను ఎత్తుకున్నాడు. ఆమె బరువుకి నడుము కలుక్కుమంది. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసి, గడ్డం భుజానికి ఆనించింది. వెనక ఎక్కడో గరగర వినిపించి ఆగిపోయింది. ఆ తర్వాత ఖాళీ మంచం కిర్రుమంది... మళ్లీ కిర్రుమంది... అతను వెనక్కి తిరగలేదు. దాదాపు పరుగెత్తాడు.

గడప దాటాడు. ఆమె ఒళ్లు వెచ్చగా ఉంది, ఊపిరి మెడకు తగులుతోంది. ఏమీ కాలేదు. బతికిపోయాం అనుకున్నాడు. ఆ సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ, పొద్దుట్నుంచీ ఉన్న చిరాకు ఇసుమంతైనా లేని గొంతుతో, ఆమె చెవిలో గుసగుసలాడింది.

"కాస్త మెల్లగా నడవండి... చాలామంది ఉన్నారు... పాపం, అందుకోలేకపోతున్నారు."