కాంటా మీద అరవై కిలోలు

ఉప్పుగూడ స్టేషన్ వెనక ఉన్న ధరంకాంటా మంచిది కాదంటరు. లారీలను తూచే కాంటా అది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, మీద ఏమీ లేకున్నా, తూకం మిషన్ల ఎర్రగ ఒకే అంకె వెలుగుతదట — అరవై.

"ఎవడో నిలబడ్డడు" అంటరు డ్రైవర్లు. చీకటి పడితే కాంటా గదిల ఎవరూ కూసోరు.

ఆ ఎవడో ఎవరో నాకు తెలుసు. నా పెనిమిటి కృపాకర్. పదకొండేండ్లు ఆ కాంటా నడిపిండు. డ్యూటీ ఎక్కంగనే చెప్పులిడిచి, ముందు తనే కాంటా ఇనుపరేకు మీద నిలబడి తూకం చిట్టీ ప్రింటు కొట్టేటోడు. అరవై వస్తెనే కాంటా సరిగ్గున్నట్టు. తర్వాతనే లారీ.

నాలుగేండ్ల కింద ఒక రాత్రి, కాంటా ముందటి రోడ్డు మీద, లారీ కింద పడి పోయిండు.

"ఆ దినం డ్యూటీకి రానేలేదమ్మా... కల్లు కంపౌండు కాడికెళ్లి తూలుకుంట వస్తుండె" అన్నడు కాంటా ఓనరు, సేటు కైలాసం.

నేను నమ్మిన. ఏడ్వలే. ఒక్క యేడు కూడ జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టలే.

నా బిడ్డ సుజన తూకం మిషన్ల కంపెనీల పనిచేస్తది. మొన్న కైలాసం ఆ కంపెనీకే ఫోన్ చేసిండు. గదిల మనిషి అక్కర్లేకుండ, తూకం వైఫై మీద రోడ్డవతల తన ఆఫీసు కంప్యూటర్ల కనబడాలెనట.

"పోకు బిడ్డా" అన్న.

"డ్యూటీ అమ్మా. నేనెవరి బిడ్డనో ఆయనకు తెల్వది."

అక్కడ జరిగింది, నా బిడ్డ చెప్పినట్టే రాస్తున్న.

పాతబస్తీల లారీలు రాత్రే తిరగాలె గదా. మొదటి లారీతోని పరీక్ష చూడాలని కైలాసం ఎనిమిదిన్నరకు రమ్మన్నడట. తాళంచెవి చేతిల పెట్టి, గడప తొక్కకుండనే రోడ్డు దాటి పోయిండట.

సుజన ఒక్కతే... పాత ప్రింటరు వైరు పీకి, మిషన్ వెనక అదే తావుల తను తెచ్చిన చిన్న వైఫై డబ్బా తగిలించింది. ఆఫీసు వైఫై పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. పచ్చలైటు వెలిగింది.

ల్యాప్‌టాప్‌ల మాత్రం అంకెలు రాలే. పిచ్చిగీతలు, ప్రశ్నగుర్తులు... గొంతు పెగలనోడు ఏదో చెప్పబోతున్నట్టు.

స్పీడ్ కలుస్తలేదని అర్థమైంది. మిషన్ నిదానంగ మాట్లాడుతది, డబ్బా జల్ది జల్ది వింటున్నది. డబ్బా స్పీడు తగ్గించింది. మిషన్ బందుపెట్టి మళ్ల ఆన్ చేసింది.

ఎర్రగ — అరవై.

కిటికీల నుంచి చూసింది. రేకు మీద ఎవరూ లేరు.

ల్యాప్‌టాప్ దిక్కు చూసింది. ఈసారి అక్షరాలు సాఫ్‌గ ఉన్నయి. ఒక్కటే వరుస. నాలుగేండ్ల కిందటి తారీఖు — మా ఆయన పోయిన తారీఖు. టైము, రాత్రి తొమ్మిదీ అయిదు. బరువు అరవై కిలోలు. చివర్ల... 'ప్రింటు కాలేదు' అని.

గంతే. దెయ్యం లేదు, ఏం లేదు. ఆ రాత్రి ప్రింటరు చెడిపోయింది. తర్వాత ఎవరూ బాగుచేయించలే, చిట్టీలు చేత్తోనే రాస్తున్నరు. ఆయన కొట్టిన ఆఖరు చిట్టీ మిషన్ కడుపులనే ఆగింది. ఆన్ అయినప్పుడల్లా దాన్ని బయటపెట్టాలని చూస్తున్నది, పాపం.

అంటే ఆ రాత్రి ఆయన డ్యూటీకి వచ్చిండు. వచ్చి నిలబడ్డడు. డ్యూటీల పోయిండంటే పైసలు కట్టి జవాబు సేటే చెప్పాలె గదా, అందుకే ఆ అబద్ధం.

ఫోన్ మోగింది. కైలాసం. ఆయన కంప్యూటర్లకు కూడ అదే వరుస పోయింది.

"అమ్మా..." గుసగుస. "ఆ అరవై... తుడిచెయ్."

"ఏంది సార్ అది?"

"పాతది. కృపాకర్ అని ఒకడుండె. రోజు నిలబడేటోడు... ఆ దినం కూడ నిలబడ్డడు. గంతే. చచ్చినోని ముచ్చట మనకెందుకు, తుడిచెయ్ బిడ్డా."



"డ్యూటీకి రానేలేదంటిరి గద సార్... మా నాయిన?"

ఫోన్ కట్టయింది. రోడ్డవతల ఆఫీసుల లైటు ఆరిపోయింది.

సుజన తుడవలే. ఆ వరుస ఫోటో తీసుకొచ్చి నాకు చూపించింది.

దెయ్యమైనా అయ్యుంటె బాగుండు... ఆ మాట నమ్మినందుకు ఇంటికొచ్చి నన్ను తిట్టిపోయేటోడు.