అరుగు మీద ఎండ్రకాయ

"నిన్ను పంపుతున్నది తుపాకుల మీదికి కాదు పట్టాభీ. కమిటీ మీదికి."

చీఫ్ అనంతరామన్ ఆ మాట అనగానే ఏజెంట్ ఎస్-9 గుండెలో రాయి పడింది. తుపాకీ ఒకసారి పేలి ఊరుకుంటుంది. కమిటీ ఊరుకోదు.

1989 ఏప్రిల్. మద్రాసులో ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక దాక్కున్న గూఢచారి విభాగం ఆఫీసు. అనంతరామన్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"పాండిచ్చేరి, తట్టాంచావడి. అక్కడో షెడ్డులో ఒక కమిటీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. పేరు అరుగు. ఎవడైనా వచ్చి కూర్చోవచ్చు. ఊరికే కాపీ చేసుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు. త్వరలో ఆస్పత్రులు, కరెంటు ఆఫీసులు దాని మీదికి మారతాయి."

"మంచిదేగా సార్?"

"దానికి ముఖం లేదు. నల్ల తెర మీద అక్షరాలే. విండోలు, బటన్లు, మెనూలు కావాలంటే టూల్‌కిట్ ఉండాలి. ఒకదాన్ని స్టాండర్డ్‌గా తీసుకున్నారంటే రేపు రాసే ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడుతుంది. సీతాపతి అనే కుర్రాడు మేదర అని ఒకటి రాశాడు. సాదాది, కానీ అదీ అందరిదీ. దానికి పోటీ క్రిస్టా. మహా అందగత్తె. ఇస్తున్నది ఎండ్రకాయ."

పట్టాభి నిటారుగా కూర్చున్నాడు. ఎండ్రకాయ అనేది ఒక విదేశీ ముఠాకు విభాగం పెట్టుకున్న పేరు. కిందటేడు ఆ ముఠా ఒక చిన్న దేశానికి టూల్‌కిట్ ఊరికే ఇచ్చింది. దేశమంతా అలవాటు పడ్డాక అనుమతి లాగేసుకుంది. ఆస్పత్రుల్లో తెరలు ఆరిపోయాయి. ఆ ప్రభుత్వం ఏడుస్తూ తన ఓడరేవు రాసిచ్చింది.

"కోర్టులో నిలవాలంటే షరతులు తెర మీద చూపించి, చైర్మన్ చేత 'సరే' బటన్ నొక్కించాలి. ఆ వేలు ఆపు. మనమున్నట్టు బయటపడకూడదు. వాళ్ల లోపల కోమల అనే అమ్మాయి ఉంది. మన జీతం తీసుకుంటుంది, వాళ్ల జీతమూ తీసుకుంటుంది. ఎవరి మనిషో నాకూ తెలీదు. నువ్వా ఊరి తెలుగువాడివి. కమిటీలో అందరూ మీవాళ్లే. కలిసిపో."

పట్టాభి కలిసిపోయాడు. పెట్టుడు మీసంతో, స్టెబిలైజర్ మెకానిక్ వేషంలో షెడ్డు మూలన కూర్చుని వారం పాటు కమిటీని విన్నాడు. శత్రువులు తలకిందులుగా వేలాడదీసినప్పుడు కూడా అతనికి అంత విసుగు పుట్టలేదు. స్క్రోల్ బార్ ఎడమన ఉండాలా, కుడిన ఉండాలా అని రెండేళ్లుగా తేలలేదట. ఒక సభ్యుడు శుక్రవారం రాజీనామా చేసి సోమవారం తిరిగొచ్చేవాడు.

"ఏం చెప్పేది అన్నా?" సీతాపతి సోల్డరింగ్ ఐరన్ పక్కన కూలబడ్డాడు. "మూడేండ్లు కండ్లు పోగొట్టుకుని రాసినా. క్రిస్టా వచ్చిందంటే అరుగు మొత్తం వాళ్ల చేతికి పోతాది. మామ దాని అందం చూసి మయంగిపోయినాడు. ఎంత చెప్పినా వినేది లే."

మామ అంటే చైర్మన్ వెంకటకృష్ణయ్య. బజారులో పెద్ద జవుళి వ్యాపారి. షెడ్డు ఆయనది, కరెంటు బిల్లు ఆయనది, కాబట్టి ఆఖరి మాటా ఆయనదే.

క్రిస్టా డెమో రోజు మధ్యాహ్నం కోమల వచ్చింది. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. మెకానిక్ పక్కనుంచి పోతూ ఆగింది.

"ఈ ఊళ్లో నన్నారి షర్బత్ ఎక్కడ దొరుకుతుంది?"

"సోలై నగర్‌లో, వలలు ఆరినాక."

కోడ్ కలిసింది. అయినా ఆ నవ్వును నమ్మాలో లేదో పట్టాభికి తేలలేదు.

ఆమె వెనకే ఎండ్రకాయ మనిషి మిస్టర్ హాల్డెన్ తెల్ల సూటులో దిగాడు. క్రిస్టా తెర మీద మెరిసింది. బటన్లకు నీడలు, విండోలకు నున్నటి అంచులు. కమిటీ నోరు తెరిచింది. చివరికి ఒక పెద్ద విండో వచ్చింది. దాని నిండా తెలుగు అక్షరాలు, కింద రెండు బటన్లు.

"మీ భాషకు మా గౌరవం," అన్నాడు హాల్డెన్ ఇంగ్లీషులో.

కమిటీలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. వెంకటకృష్ణయ్య కళ్లజోడు పెట్టుకుని, పై నుంచి కింది దాకా చూసి, గంభీరంగా తలాడించాడు. మిగతావాళ్లూ ఆడించారు.

పట్టాభి పెన్ కెమెరా సర్దుకుంటూ తెర వైపు చూశాడు. ఒక్క ముక్క తెలియలేదు. అతను చదివింది తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు నోటికే గానీ పలక మీదికి రాలేదు. అప్పుడు వెలిగింది. తనలాగే ఈ షెడ్డులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. పరాయివాడి ముందు రాదని చెప్పేవాడు అసలే లేడు. ఎండ్రకాయకు ఆ సంగతి బాగా తెలుసు.

వెంకటకృష్ణయ్య మౌస్ పట్టుకున్నాడు. పట్టాభి చేతి గడియారం మీట నొక్కాడు. విభాగం వాళ్లు ఆర్నెల్లు శ్రమపడి చేసిన పరికరం. షెడ్డులో కరెంటు పోయింది. మరుక్షణం బయట జనరేటర్ గుర్రుమంది, తెర మళ్లీ వెలిగింది. కరెంటు పోవడం ఆ ఊళ్లో ఎవరికీ వార్త కాదు.

చైర్మన్ వేలు బటన్ మీదికి చేరింది. ఇక మిగిలింది నోరొక్కటే.

"పెద్దాయనా, ఒక నిమిషం. దాంట్లో ఏం రాసుండాది?"

"నీకేందిరా? నీ పని చూసుకో."

"నాకు తెలుగు చదివేదానికి రాదు." చెమటకు మీసం ఒక పక్క ఊడింది. పట్టాభి పట్టించుకోలేదు. "నేనూ ఈ ఊరి తెలుగోణ్ణే. ఇంట్లో మాట్లాడతాం, అంతే. మీకొస్తాది గదా, చదవండి, వింటా."

వెంకటకృష్ణయ్య పక్కాయన వైపు తిరిగాడు. "నువ్వు చదవప్పా."

"కండ్లజోడు ఇంట్లో పెట్టొచ్చినా," అన్నాడు ఆయన, ముక్కు మీది కళ్లజోడు సర్దుకుంటూ.

సీతాపతి లేచాడు. "మామా, నాకూ రాదు. నీకూ రాదు. ఒప్పుకుంటే మన పరువేం పోదు. ఒప్పుకోకుంటే అరుగు పోతాది."

వెంకటకృష్ణయ్య చెవులు ఎర్రబడ్డాయి. వేలు మాత్రం తీయలేదు.

"మడత విప్పకుండా సరకు తీసుకునేది మా అంగట్లో లేదు," అన్నాడు చివరికి, హాల్డెన్ పక్కనున్న కోమల వైపు తిరిగి. "నువ్వు చదువమ్మా."

చదవమంటున్నారని కోమల హాల్డెన్‌కు ఇంగ్లీషులో చెప్పింది. అతను నవ్వి, కన్ను గీటాడు. ఏం చెప్పాలో ముందే నేర్పి ఉంచాడు. ఆమె అబద్ధం చదివితే పట్టుకోగల మనిషి అక్కడ లేడు.

కోమల నల్ల కళ్లద్దాలు తీసింది. "దీనితో చేసిన ప్రతి ప్రోగ్రామూ, అది నడిచే ప్రతి యంత్రమూ కంపెనీ అనుమతికి లోబడి ఉండును. ఆ అనుమతిని కంపెనీ ఎప్పుడైనను, కారణము చెప్పకనే, రద్దు చేయవచ్చును."

హాల్డెన్‌కు తెలుగు రాదు. ప్రతి మాటకూ చిరునవ్వుతో తలాడించాడు. చివర్లో చప్పట్లు కూడా కొట్టాడు.

"వద్దనే బటన్ ఏది?" అన్నాడు వెంకటకృష్ణయ్య.

"ఎడమది."

నొక్కాడు. విండో మాయమైంది. "మేదరే మన స్టాండర్డ్. అందం మెల్లగా వస్తాది," అన్నాడు. రెండేళ్ల రచ్చ ఒక్క మాటతో తీరింది. సీతాపతి గోడవైపు తిరిగి ఏడ్చాడు. హాల్డెన్ కారును విభాగం జీపు సేదరపేట్ రోడ్డులో ఆపింది.

బయట పట్టాభి కోమలను అడిగాడు. "నిజమెందుకు చదివినావు?"

"రెండు నెలలు చుక్కా చుక్కా పెట్టి ఆ అక్షరాలు గీశాను. ఇంతమంది చూశారు. ఏం రాశావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఇవాళ అడిగారు."

"అడక్కపోయుంటే?"

"నొక్కేవాళ్లు. నేను జీతం తీసుకుని పోయేదాన్ని." రిక్షా ఎక్కి, మద్రాసు బస్సుకు వెళ్లిపోయింది.

పట్టాభికి ఒళ్లు మండింది. ఆమె మీదనో, తన మీదనో, తలాడించిన తలలన్నిటి మీదనో తేల్చుకోలేకపోయాడు. వైర్‌లెస్ కూసింది.

"శభాష్," అన్నాడు అనంతరామన్. "ఫుల్ రిపోర్ట్ కావాలి. ఎండ్రకాయ మన టపా విప్పుతోంది. ఇంగ్లీషు వద్దు, తమిళం వద్దు. కోమల పోయాక వాళ్లలో తెలుగు చదివే దిక్కు లేదు. నీ చేత్తో చక్కగా తెలుగులో రాసి పంపు."

వారం రోజుల్లో మొదటిసారి ఏజెంట్ ఎస్-9 పరుగెత్తాడు. బస్టాండు చేరేసరికి కోమల ఎక్కిన మద్రాసు బస్సు మలుపు తిరుగుతోంది.