షేడ్ వేసిన గళ్లు

"చదవట్లేదండి," అంది సుజి, ఫోను గోడకి ఎదురుగా పట్టుకుని.

రూఫస్ నిచ్చెన దిగాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ గోడ మీద అతను పన్నెండు రోజులుగా బొమ్మ వేస్తున్నాడు. బెల్లం దిమ్మకి గోనె చుడుతున్న ఆడమనిషి బొమ్మ. దాని పక్కనే, సుజి ప్రింటు తీసి ఇచ్చిన నలుపు తెలుపు గళ్ల చదరం. వరసకి ఇరవై అయిదు గళ్లు, ఇరవై అయిదు వరసలు. ఫోను కెమెరాతో చూస్తే గళ్లు అక్షరాలవుతాయని ఆమె చెప్పింది. అది 2009. అలా చదివే ఫోను ఆమె పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్లో ఒకటుంది.

"ప్రతి నల్లగడికీ ఈ బూడిదరంగేటండి?"

"షేడండి. కుడిపక్కా, కిందా. షేడ్ లేకపోతే బోర్డు చప్పగా ఉంటాది. మా నాన్న నేర్పేడు."

"ఇది బోర్డు కాదు. మీ షేడు తెల్లగళ్లలోకి వచ్చేసింది. ఏది నలుపో, ఏది తెలుపో ఫోనుకి తెలీట్లేదు."

"చూస్తే అర్థమయ్యే బొమ్మండి ఇది. మళ్లీ అర్థం చెప్పడానికి ఇంత గొడవెందుకు?"

"అయితే బొమ్మ చూసి ఆవిడ పేరేటో ఎవరైనా చెప్పగలరా?"

రూఫస్ బొమ్మ వైపు తిరిగాడు. ఆవిడ పేరు బుల్లమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ మార్కెట్లోనే పని. బొమ్మ కోసం ఆరు రోజులు భోజనం వేళ అతని ఎదురుగా కూర్చుంది.

"రేపు పది గంటలకి మున్సిపల్ కమిషనర్ గారొత్తారు," అంది సుజి. "ఇది చదవకపోతే గోడ సిమెంటు ప్రకటనకి ఇచ్చేత్తారు. మీ బొమ్మా పోద్ది."

అతను తెల్లరంగు డబ్బా మూత తీశాడు.

మధ్యాహ్నం నుంచి సుజి కాగితం చూసి చెబుతూనే ఉంది. రెండు నలుపు, ఒకటి తెలుపు, మూడు నలుపు. రూఫస్ షేడు మీద తెలుపు పూస్తూ పోయాడు. తొమ్మిదో వరసలో జల్లు పడింది. ఇద్దరూ ఒక గోనెపట్టా ఎత్తి గళ్లకి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. తాము మాత్రం తడిసిపోయారు.

"పట్టా మీరు కప్పుకోండి," అన్నాడు.

"నేను ఆరతాను. తడిస్తే అవి కారిపోతాయి."

అయిదున్నరకి ఫోను కూత పెట్టింది. సుజి పైకి చదివింది: "బుల్లమ్మ, ముప్పై ఏళ్ల బెల్లం పని."

బుల్లమ్మ చేతిలో గోనె వదిలేసి వచ్చింది. "నా పేరు ఫోన్లోకి ఎవులెక్కించేరే?"

"గోడ మీంచి వచ్చిందమ్మా."

"మల్లీ సదువు."

సుజి నాలుగుసార్లు చదివింది.

మర్నాడు కమిషనర్ చూశారు, ఫోటో తీయించుకున్నారు, గోడ అలాగే ఉంచమన్నారు. ఆ తర్వాత సుజికి మార్కెట్లో పనిలేదు. రూఫస్ రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు సెంటర్‌కి ఫోన్ చేశాడు. "చదవట్లేదండి."

ఆమె వచ్చి గళ్లకి ఎదురుగా ఫోను పెట్టింది. అది చదివింది.

"బాగానే ఉంది కదండీ."

"ఒక నల్లగడి మీద తెల్లరంగు పడిందండి. అందుకని..."

"పడిందా? వేసేరా?"

రూఫస్ నేలకేసి చూశాడు. "వేసేను."

"ఒకటి రెండు గళ్లు పాడైనా చదువుద్ది. గోడన్నాక పెచ్చులూడతాదని అలాగే చేసేను."

"ఆ సంగతి తెలీదండి. తెలిస్తే ఇంకో పది వేసుందును."

"ఎందుకూ?"

"మీరు రావాలని. రోజూ రావాలని."

సుజి ఫోను సంచిలో పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికి ఆ పని చాలాసేపు చేసింది.

"గోడ పాడు చెయ్యకండి. ఆదివారం ఆరాధన అయ్యేక మా అమ్మ చర్చి గేటు దగ్గరుంటాది. వచ్చి అడగండి."

"ఏటని అడగను?"

పక్కనే దిమ్మకి గోనె చుడుతున్న బుల్లమ్మ తల ఎత్తకుండానే అంది: "పిల్లనిమ్మని అడుగు బాబూ. నానూ వత్తాను."