కార్‌పార్క్ ఆరో అంతస్తులో శంఖం

చోవా చూ కాంగ్ అనే పేటలో హేమమాలిని వాళ్ల ఫ్లాట్ల బ్లాకు వెనకున్న కార్‌పార్క్ ఆరో అంతస్తుకి మంచి పేరు లేదు. కింద చోటు దొరక్క పది చుట్లు తిరిగేవాళ్లు కూడా అక్కడికి పోరు. ఎవరూ నొక్కకుండానే లిఫ్ట్ అక్కడ ఆగుతుందట. తలుపులు తెరుచుకుని... ఎవరికోసమో కాసేపు చూసి... మూసుకుంటాయట.

హేమమాలినికి ఇలాంటివి నమ్మకం లేదు. పగలైతే.

ఆ వేళ రాత్రి ఎనిమిదైనా మావగారు పైడిరాజు ఇంటికి రాలేదు. అత్తగారు సీతాలక్ష్మి పోయి నెల కాలేదు. అప్పట్నుంచి ఆయన సరిగ్గా తినడు, పలకరిస్తే పలకడు. ఫోన్ చూస్తే టేబుల్ మీదే ఉంది.

"తాతయ్య కార్‌పార్క్‌కి వెళ్లాడు లా," అంది కూతురు మేనక, అక్కడి పిల్లల యాసలో, తల ఎత్తకుండా. "సిక్స్త్ ఫ్లోర్."

"ఇప్పుడా చెప్పడం!"

లిఫ్ట్ ఎక్కే ధైర్యం లేక మెట్లెక్కింది. మూడో అంతస్తు దాటిందో లేదో —

శంఖం!

వెంటనే డప్పులాంటి మోత. ఆ రెండూ కలిసి మోగితే వాళ్లింట్లో ఒకటే అర్థం — శవం లేచిందని.

"మావయ్యా..." అంటూ పైకి నడిచింది.

ఐదో అంతస్తు. పైన ఎవరో పాడుతున్నారు. తెలుగు కాదు, తమిళం కాదు, మలయ్ కాదు. ఆ తెలియని మాటల మధ్య తెలిసిన పేరొకటి —

సీ...తా...లక్ష్మీ...

వెనక్కి పరిగెత్తాలనిపించింది. కానీ ముసలాయన పైనున్నాడే! రెండేసి మెట్లెక్కింది.

మడత కుర్చీల్లో నలుగురు. దుంగ తొలిచి తోలు బిగించిన డోళ్లు, ఎండు సొరబుర్రల గిలక్కాయలు, తాబేలు చిప్పలు — అన్నీ చేత్తో చేసుకున్నవే. ఒకాయన చేతిలో శంఖం. మధ్యలో మావగారు, ఒళ్లో చిప్ప పెట్టుకుని పుల్లతో టకటకమంటూ!

"రా అమ్మాయ్! వీళ్లు సముద్రాల అవతల బెలీజ్ దేశపు గరిఫునా జాతివాళ్లు. ఆ పొడుగాయనది ఘనా. శనివారం కచేరీ ఉందట. ఫ్లాట్లో వాయిస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? అందుకే ఇక్కడ."

"మరి అత్తయ్య పేరు..."

"నేనే చెప్పాను. మనం శంఖం ఊది పోయినవాళ్లని పంపించేస్తాం. వీళ్లు ఊది పిలుస్తారట. బావుంది కదా!"

అత్తయ్య పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. హేమమాలినికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"బాగానే ఉంది సంబడం. అన్నం చల్లారిపోతోంది, పదండి."

"ఒక్క పాటమ్మా."

మళ్లీ డోలు మోగింది. సీతాలక్ష్మీ... సీతాలక్ష్మీ... ఆ తర్వాత, అదే వరసలో — అమ్ములూ...

మావగారి చేతిలో పుల్ల ఆగిపోయింది.

"ఆ పేరు నేను చెప్పలేదే," అన్నాడు గుసగుసగా. "మీ అత్తని అలా పిలిచేది నేనొక్కణ్ణే. అదీ ఎవరూ లేనప్పుడు."

హేమమాలిని పాడుతున్నాయన్ని ఇంగ్లీషులో అడిగింది, ఆ పేరెక్కడిదని.

ఆయన తేలిగ్గా నవ్వాడు. "మా పాట తీరే అంత, మేడమ్. ఒకరు అందిస్తే మిగతావాళ్లం అందుకుంటాం."

డోలు ఆపకుండానే, గడ్డంతో ఆమె భుజం మీదుగా చూపించాడు.

"అందించింది... మీ వెనకున్నావిడేగా?"