మేడ మీద ఓడ రాడార్

గడ్డిఅన్నారం సందులో రెండో అంతస్తు ఆంధ్రాయన మేడ మీద గూఢచారి యంత్రం బిగించాడని, అది తిరిగిన ప్రతి రోజూ తన ఇంట్లో పాలు విరుగుతున్నాయని ఎదురింటి నాగేశ్వరి అన్నదట. అన్నది కూరగాయల బండి దగ్గర. ఆ మాట బండి వెంకాయమ్మ నోట్లో పడి, నాలుగు వీధులు తిరిగి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా చేరేసరికి, ఆ యంత్రం తెలంగాణ ఉద్యమం పిల్లల ఫోన్లు విని ఎవరెక్కడ ధర్నాకు కూర్చుంటున్నారో పోలీసులకు చేరవేస్తున్నదని అయింది. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు లేక కరెంటు కూడా పూటకొకసారి ఆగింది. ఆ మాట మాత్రం ఆగలేదు.

ఇదంతా చెప్పి, బుచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. అరవై దాటిన మనిషి. ఆ యంత్రం ఉన్న ఇంటి యజమానురాలు. చౌరస్తా పక్కన గాజుల దుకాణం పైన ఉన్న డిటెక్టివ్ అంబిక ఆఫీసుకు ఎండలో నడిచి వచ్చింది.

"బిడ్డా, నా కొడుకు భిక్షపతిని ఇయ్యాల పొద్దుగూకేటాలకు జైలుకు తోలుతరట. వాడు జెండా పట్టిండు, నోరు పారేసుకున్నడు, నిజమే. గా యంత్రాన్ని పీకి పారేస్త అని నలుగుర్ల అన్నడు. కని మనిషిని సంపేటోడు కాదు."

"ఏడ్వకవ్వా. మొదటికెల్లి చెప్పు. సచ్చిపోయింది ఎవరు?" అంది అంబిక. నలభై అయిదేళ్ళ మనిషి, సరూర్‌నగర్ పాత ఊరి రైతుబిడ్డ. ఎదుటి మనిషి అబద్ధమాడితే గొడ్డు పళ్ళు చూసి వయసు చెప్పినంత తేలిగ్గా పట్టేస్తుందని ఆమె సహాయకుడు జోగారావు నమ్మకం. తణుకు నుంచి వచ్చిన టైపిస్టు ఆయన. భార్య పోయాక సైదాబాద్‌లో ఒక గది, మెస్సులో భోజనం. ఆ ఆఫీసు లేకపోతే ఆయనతో మాట్లాడే మనిషి లేడు.

చనిపోయినాయన పేరు ప్రసన్నకుమార్. వేలమందిని విహారానికి తిప్పే పెద్ద ఓడల్లో ముప్పై ఏళ్ళు చేశాడు. ఓడ నెత్తిన తిరిగే రాడార్లు, తెల్లని గుండ్లలాంటి శాటిలైట్ డోములు ఆయన చేతిలో పని. మూడేళ్ళ కింద బుచ్చవ్వ ఇంట్లో పై గదికి కిరాయికి వచ్చాడు. ఓడల పాత సామాను అమ్మేచోట, మనిషంత పొడవున అడ్డంగా తిరిగే ఒక రాడార్ కమ్మిని కొని తెచ్చుకొని మేడ మీద నిలబెట్టుకున్నాడు.

"పొద్దుగూకంగ గా తెల్ల కమ్మిని తిప్పుకుంట దాని కింద కూసునేటోడు. కిరణాలేం లెవ్వమ్మా, ఉత్త మోటరే అని నాకు చెప్పిండు. నేను చెప్తే ఎవలు నమ్మిరి?"

"మనిషి ఎసొంటోడు?"

"మంచోడే. జర అనుమానం మనిషి. కమ్మికి నూనె పెట్టనీకి పోవాల్నంటే, ముందుగాల మెట్ల కింద మీటర్ల డబ్బ కాడికొచ్చి, తన ఫ్యూజు పీకి జేబుల ఏసుకునేటోడు. నేను దొంగదాన్నా సారూ అంటే నవ్వేటోడు."

మొన్న మధ్యాహ్నం మూడింటికి ఆయన మేడ మీద నుంచి వెనక సందులో పడ్డాడు. మొదట కేక పెట్టింది ఒకటో అంతస్తులో కోచింగ్ సెంటర్ నడిపే ఉపేంద్ర. జనం వచ్చి చూసేసరికి కింద మనిషి ప్రాణం లేకుండా ఉన్నాడు, పైన కమ్మి గిర్రున తిరుగుతోంది. భిక్షపతి మీటర్ల డబ్బా దగ్గర ఫ్యూజు పెట్టి రావడం కళ్ళారా చూశానని, ఒక్కసారిగా తిరిగిన కమ్మి తగిలే ఆయన పడిపోయాడని ఉపేంద్ర చెప్పాడు. ఆ పూట ధర్నా నుంచి వచ్చి ఒంటరిగా నిద్రపోయానన్న భిక్షపతి మాటకు సాక్షి లేడు. పోలీసులు అప్పటికప్పుడే డబ్బాకు తాళం వేశారు.

"దవాఖానోళ్ళు ఆయన జేబుల సామాను నా చేతుల పెట్టిన్రు. ఇంకెవరు రాకపాయె." బుచ్చవ్వ బల్ల మీద చిన్న గుడ్డసంచి కుమ్మరించింది. కళ్ళజోడు, గది తాళంచెవి, చేతిరుమాలు, తెల్లని పింగాణీ ఫ్యూజు ఒకటి.

అంబిక ఆ నాలుగింటినీ చూసింది. అన్నీ మళ్ళీ సంచిలోకి ఎత్తి చంకన పెట్టుకుంది. "పోదాం పాండ్రి జోగారావు సారూ" అని లేచింది.

బుచ్చవ్వ ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. మెట్ల కింద మీటర్ల డబ్బా, దానికి పోలీసుల తాళం. ఒకటో అంతస్తు గుమ్మం పైన బోర్డు: ఓడ ఉద్యోగాల శిక్షణ, పన్నెండేళ్ళ సముద్రానుభవం. లోపల ఖాళీ బెంచీల మధ్య ఉపేంద్ర అట్టముక్కతో విసురుకుంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, చెమటతో వీపుకు అతుక్కుపోయింది.

"కూర్చోండి. కరెంటు కోతండీ, ఏం చేస్తాం! పిల్లల్ని కూడా పంపించేశాను. ఈ సమ్మె అయ్యేదాకా మన బతుకులింతే."

జోగారావు కూడా చెమట తుడుచుకున్నాడు. తమ జిల్లా మాట చెవినపడి ప్రాణం కాస్త తెరిపిన పడింది.

"మీరు ఏం చూసిన్రు?" అంబిక అడిగింది.

"కింద వీధి గుమ్మంలో నిలబడ్డానండీ. భిక్షపతి డబ్బా మూసి ఇంట్లోకి పోతున్నాడు. పైన గరగరమని చప్పుడు, తర్వాత కేక. పాపం, ఆయన నాకు పెద్దన్నలాంటివాడు. మా పిల్లలకు పాఠాలు రాసిచ్చేవాడు."

"మీరు సుత ఓడల మీద చేసినోళ్ళే గద. రాడార్ మరమ్మతుకు పైకెక్కాల్నంటే ముందుగాల ఏం చేస్తరు?"

"సేఫ్టీ బెల్టు కట్టుకుంటామండీ."

"ఎన్కసిరి?"

"ఇంకేముంది, ఎక్కేస్తాం."

"గంతేనా!" అంది అంబిక, చిన్నపిల్ల కథ విన్నట్టు.

పై గదిలో ఒకే మంచం, ఒక కుర్చీ, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. జోగారావు గడప దగ్గరే ఆగిపోయాడు. తన గదిని ఇంకొకరెవరో సర్దిపెట్టినట్టుంది. గోడ మీద ఒక ఫోటో. మేడలన్నీ పేర్చినట్టున్న ఓడ, దాని నెత్తిన కొంగగుడ్లలా తెల్లని డోములు, వాటి మధ్య చీమంత మనిషి. కింద వేలమంది ఆడిపాడుతుంటే పైన గాలిలో అతడొక్కడు. వాళ్ళందరూ ఇళ్ళకు చేసుకునే ఫోన్లన్నీ ఆ గుండ్ల గుండానే పోయి ఉంటాయి. అతడెవరికి చేసేవాడో.

"సారూ, గిది సదువున్రి." అంబిక ఒక నోటుపుస్తకం చేతికిచ్చింది. పిల్లలకు రాసిన పాఠాలు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. జోగారావు పైకి చదివాడు:

"మొదటి పాఠం. రాడార్ దగ్గరకు ఎక్కేముందు దాని ఫ్యూజు తీసి నీ జేబులో వేసుకో. పైన మనిషి ఉన్నాడని పలక తగిలించు. కింద ఎవరెంత నమ్మకస్తుడైనా ఫ్యూజు వాడి చేతికి ఇవ్వకు. అది నీ ప్రాణం. బెల్టు సంగతి తర్వాత."

చివరి పేజీలో రెండే వాక్యాలు. "పిల్లల చేతికిచ్చిన ఆ నాలుగు శిక్షణ సర్టిఫికెట్ల మీద సంతకాలు నావి కావు. రాడార్ ఉండే మాస్టు స్తంభం ఎక్కడం రాని పిల్లలు మాస్టు మీద చస్తారు, సోమవారం షిప్పింగ్ ఆఫీసుకు రాసేస్తానని అతనికి చెప్పాను."

"ఈ 'అతను' ఎవరండీ?" అన్నాడు జోగారావు.

"మీరే చెప్పున్రి."

ఆయన ఆలోచించాడు. తట్టింది గానీ, నోటికి రానివ్వడానికి మనసొప్పలేదు. తన జిల్లా మాట మాట్లాడేవాడు మరి.

సాయంత్రం అయిదింటికి ఇన్‌స్పెక్టర్ కమలాకర్ భిక్షపతిని జీపులో తీసుకొచ్చాడు. అంబిక అడిగితే కాదనలేక వచ్చాడు గానీ, వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. మెట్ల దగ్గర బుచ్చవ్వ, ఉపేంద్ర, నాగేశ్వరి, వెంకాయమ్మ, ఇంకో పదిమంది ఇరుగుపొరుగు చేరారు. భిక్షపతి ముప్పై ఏళ్ళవాడు. కొడుకు చెయ్యి పట్టుకోబోయిన తల్లిని కానిస్టేబుల్ పక్కకు జరిపాడు.

"సారూ, గా డబ్బ తాళం తియ్యున్రి," అంది అంబిక.

కమలాకర్ తీశాడు. లోపల మూడు గూళ్ళు, ఒక్కో అంతస్తుకు ఒకటి. మొదటి గూట్లో ఫ్యూజు ఉంది. మూడోదాంట్లో ఉంది. నడిమిది ఖాళీ.

"పై గది ఫ్యూజు మూడో గూట్లుంది. భిక్షపతి పెట్టిండని గదా కేసు. మరి గిదేంది?" అంబిక సంచిలోని పింగాణీ ఫ్యూజును అందరికీ చూపింది. "పెద్దమనిషి జేబుల దొరికింది. ఓడల మీద పనిచేసినోళ్ళ అలవాటిది. ఫ్యూజు జేబుల పడందే మాస్టు మీద కాలు పెట్టరు. ముప్పై ఏండ్ల అలవాటు మేడ మీద సుత పోలే. మొన్న సుత తీస్కొనే ఎక్కిండు. అంటే ఆయన పడ్డప్పుడు కమ్మి తిరగనే లేదు. ఎవలో నూకిన్రు. ఎన్కసిరి కిందికొచ్చి, మూడో గూడు ఖాళీగుండుడు చూసి, ఇంకో ఫ్యూజు పీకి అండ్ల గుచ్చిన్రు. కమ్మి తిరిగింది. జనం నమ్మిన్రు."

"ఆ పని కూడా వీడే చేయొచ్చు కదా," అన్నాడు కమలాకర్, భిక్షపతిని చూస్తూ. "నడిమి ఫ్యూజు పీకటానికి ఎవరి చేతులైనా చాలు."

"చాలు సారూ. నేను సుత అండ్లనే ఆగిన. కని ఒక్కటి చెప్పున్రి. మీ ఇంట్ల ఫ్యూజు ఎవడో పీకిండనుకోన్రి, రెండు దినాలు చీకట్ల, ఉక్కపోతల ఊకుంటరా? కిందికొచ్చి లొల్లి చెయ్యరా? బుచ్చవ్వ ఇంట్ల ఫ్యాను తిరుగుతాంది. ఎదురింట్ల టీవీ నడుస్తాంది. నడిమింటాయన ఒక్కడే అట్టముక్కతోని ఊపుకుంట, కోత కోత అంటుండు. కరెంటు ఎందుకు పోయిందో ఎరికైనోడే అడగకుంట కూసుంటడు."

అందరి తలలూ ఉపేంద్ర వైపు తిరిగాయి.

"డబ్బాకు మీరు తాళం వేస్తే నేనేం చేస్తానండీ?" అన్నాడతను.

"ఫ్యూజు లేక కరెంటు లేదని మాకెందుకు చెప్పలేదు? కోత అని ఎందుకన్నారు?" ఈసారి అడిగింది జోగారావు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "పోయినాయన సంతకం మీరే పెట్టి నాలుగు సర్టిఫికెట్లు అమ్ముకున్నారు. సోమవారం షిప్పింగ్ ఆఫీసుకు రాసేస్తానని ఆయన మీతో అన్నాడు. ఫ్యూజు మాటెత్తకుండా బెల్టు అన్నారు, మీరు ఏనాడూ ఓడెక్కలేదండీ. ఎక్కి ఉంటే, ఇంకో ఫ్యూజు గుచ్చబోయే ముందు ఆయన జేబు వెతికేవారు."

ఉపేంద్ర చేతిలోని అట్టముక్క కింద పడింది. కమలాకర్ అడుగు ముందుకేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కానిస్టేబుల్ వచ్చి భిక్షపతి చేతుల బేడీలు విప్పాడు. బుచ్చవ్వ కొడుకును గుండెకు అదుముకొని, వీపు మీద రెండు దెబ్బలు కూడా వేసింది. "నోరు, నీ నోరు సల్లగుండ! నోటి మూలంగ ఉరికెక్కుతుంటివి గదరా!"

భిక్షపతి నవ్వలేదు. తలెత్తి మేడ వైపు చూశాడు. సందంతా వాళ్ళని చూస్తూ గుసగుసలాడింది.

ఉపేంద్రను జీపు వైపు నడిపిస్తూ కమలాకర్ ఆగాడు. "పట్టపగలు, నలుగురున్న ఇల్లు. మేడ మీదకు ఎవరైనా వస్తే దొరికిపోతానని భయం వెయ్యలేదా?"

"ఎవరొస్తారండీ?" అన్నాడు ఉపేంద్ర, చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూస్తూ. "మూడేళ్ళల్లో నేను తప్ప ఆ మెట్లు ఎక్కిందెవరు?"