మడి దండెం మీద నీలం చొక్కా

సోమవారం ఉదయం ఆరు గంటలకు నాగరత్నమ్మ కోడలి చేతిసంచి తెరిచింది. అందులో మడతపెట్టి ఉన్న నీలం చొక్కానూ బూడిదరంగు ప్యాంటునూ తీసి, వాటి స్థానంలో తన పాత నేత చీర ఒకటి పెట్టింది. సంచిని ఒకసారి ఎత్తి చూసుకుంది. కాస్త తేలికగా తోచి ఒక రవికె కూడా చేర్చింది. వంటలోనైనా ఇంకెందులోనైనా ఆమె చేతికి కొలత తప్పదని ప్రొద్దుటూరు గుడివీధిలో అందరికీ తెలుసు.

కోడలు సాయిలక్ష్మి అప్పుడు స్నానానికి వెళ్ళి ఉంది. కొడుకు విష్ణుతేజ నడిమింట్లో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. తల్లి వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేసుల వైపు చూశాడు. అతడు జమ్మలమడుగులో గుమాస్తా. జీన్సు ప్యాంటు, తోలు బెల్టుతో వీధి గుమ్మం నుంచే వెళ్తాడు, వీధి గుమ్మం నుంచే వస్తాడు. ఆ తోలుకు ఆ ఇంట్లో ఏనాడూ మైల అంటలేదు.

నాగరత్నమ్మ పెరట్లోకి వెళ్ళి చొక్కానూ ప్యాంటునూ ఇత్తడి గంగాళంలో వేసి, నీళ్ళలో మునిగేదాకా మడికర్రతో అదిమింది. చొక్కా బుడగలు విడుస్తూ రెండుసార్లు పైకి తేలింది. రెండుసార్లూ అదిమింది. మీద మూత పెట్టింది.

ఆ బట్టల చరిత్ర ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో, సున్నపురాయిని పరీక్షించే ల్యాబులో సాయిలక్ష్మి నాలుగేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగి. అక్కడ ఆడైనా మగైనా ప్యాంటు, చొక్కా, టోపీ, ఇనుప ముక్కు బూట్లు. ఆలయ అర్చకుడు రామం గారి కోడలు ప్యాంటుతో గడప దాటకూడదన్నది పెళ్ళికి ముందే నాగరత్నమ్మ పెట్టిన షరతు. అందుకని సాయిలక్ష్మి చీరతో బస్సెక్కి, ఎర్రగుంట్లలో దిగి, తోటి ఉద్యోగిని షాహిస్తా ఇంట్లో బట్టలు మార్చుకుని, సాయంత్రం అక్కడే మళ్ళీ చీర కట్టుకుని వచ్చేది. ఆదివారం ఉతికిన చొక్కా పెరటి తీగ మీద, ఎవరి కంటా పడకుండా, ఒక పాత చీర కింద ఆరేది. కాంట్రాక్టు వాళ్ళకు ఏడాదికి రెండు జతలు. రెండో జత యాసిడ్ పడి చిల్లులైపోయింది.

పోయిన శుక్రవారం గుడిలో ధర్మకర్త భార్య పదిమంది ముందు నవ్వుతూ అడిగింది.

"ఏం రత్నమ్మా, మీ కోడలు మగోళ్ళ మాదిరి ప్యాంటేసుకొని ఎర్రగుంట్లలో నడిచిపోతాంటే మావోళ్ళు చూసినారంట. అయ్యవారు ఈడ గోచీ పెట్టి పూజ జేస్తాంటే, ఆడ కోడలు టోపీ పెట్టిందా!"

ఆ నవ్వు నాగరత్నమ్మ ఇంటిదాకా మోసుకొచ్చింది. ఈ సోమవారమే కోడలి ఉద్యోగం పర్మనెంటు చేసే పరీక్ష అని ఆమెకు తెలుసు. ఉద్యోగం పర్మనెంటయితే ప్యాంటూ పర్మనెంటే అని లెక్క కట్టుకుంది.

సాయిలక్ష్మి చీర కట్టుకుని వచ్చి, నిలబడే రెండు ఇడ్లీలు తింది.

"ఈ పొద్దేనా తల్లీ ఇంటర్వ్యూ?" అన్నాడు రామం, విభూతి పెట్టుకుంటూ.

"అవును మామయ్యా. తొమ్మిదిన్నరకు సున్నపురాయి పోయే బెల్టు కాడ శాంపిల్ తీసి చూపియ్యాల. పదికి ఆఫీసులో ప్రశ్నలు. ఒకే పోస్టు, ఇద్దరం ఉండాం. నేను, పులివెందుల నుంచి వచ్చే మధు."

"నీకే వస్తుందిలే."

"అత్తమ్మా, పోయొస్తా." సాయిలక్ష్మి వంగి అత్త కాళ్ళకు మొక్కింది.

నాగరత్నమ్మ ఆ తల మీద చెయ్యి పెట్టి, "మంచి జరుగుతుంది పోమ్మా" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు వణకలేదు.

ఎనిమిదింబావుకు ఫోను మోగింది. నాగరత్నమ్మ పూజకు పూలు గుచ్చుతూ ఉంది. తెర మీద కోడలి పేరు కనిపించింది. ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె గన్నేరు పక్కన తులసి, తులసి పక్కన గన్నేరు చేరుస్తూ పోయింది. ఎనిమిదిసార్లు మోగాక తొమ్మిదోసారి ఎవరిదో తెలియని నంబరు కనిపించింది. అదీ తీయలేదు. దండ పూర్తయింది. ఎక్కడా ముడి వదులు కాలేదు.

పన్నెండు గంటలకు సాయిలక్ష్మి తిరిగొచ్చింది. మధ్యాహ్నపు నైవేద్యం ముగించుకుని రామం అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. సాయిలక్ష్మి ఫోను చేసి పిలిస్తే విష్ణుతేజ కూడా జమ్మలమడుగు నుంచి వచ్చి ఉన్నాడు. ఫ్యాక్టరీ నుంచి వస్తే పెరటి దారిన వచ్చి, స్నానం చేశాకే వంటింటి వైపు రావాలని నియమం. ఆమె వీధి గుమ్మం నుంచి నడిమింట్లోకి వచ్చి, సంచిలోంచి నేత చీర తీసి అత్త ముందు పెట్టింది. దాని మీద రవికె పెట్టింది.

"మీవి తీసుకోండి అత్తమ్మా. నావి యాడ?"

"గంగాళంలో నానబెట్టినా. మురికిగా ఉంటే..."

"నిన్ననే ఉతికి ఇస్త్రీ చేసినా."

నాగరత్నమ్మ చీర అంచు సవరించింది.

"షాహిస్తా ఇంట్లో సంచి తెరిస్తే చీర ఉంది. షాహిస్తా అప్పటికే డ్యూటీకి పోయింది. వాళ్ళత్త ఖమర్‌బీ ఇల్లంతా ఎతికింది. ఆయమ్మ కొడుకు ప్యాంటు తెచ్చి, 'ఇది పిన్నులు పెట్టి కట్టుకో బిడ్డా' అనింది. రెండు కాళ్ళూ ఒకదాంట్లోనే పట్టేటంత వెడల్పు. సరేనని చీరతోనే గేటు కాడికి పోయినా. పోనియ్యలేదు. ఇంటికి ఫోన్ చేసినా."

"నేను పూజలో ఉన్నా."

"పూజలో ఉండారు. బట్టలు ఈడుండాయని ఒక్క మాట చెప్పింటే ఈయన బండి మీద తెచ్చి ఇచ్చేటోడు. అంతదూరమూ కాదు." ఆమె గొంతు పెంచలేదు. "పదిన్నరకు గేటు బయట నిలబడుకొని ఉంటే మధు బయటికొచ్చినాడు. 'అక్కా, నువ్వు రాలేదని నాకిచ్చినారు' అన్యాడు. పాపం, ఆ పిల్లోడు నవ్వాల్నో వద్దో తెలియక నిలబడినాడు."

"పోతే పోయింది లేమ్మా," అంది నాగరత్నమ్మ. "మన ఇంటికి ఆ ప్యాంటు ఉద్యోగం ఏం శోభ? నన్ను మా అత్త దిద్దలేదా? జమ్మలమడుగు స్కూల్లో టీచరు ఇంటర్వ్యూ అని ఆరు గజాల చీర కట్టుకొని పోదామని తీసి పెట్టుకుంటి. ఈ ఇంటి కోడలు తొమ్మిది గజాలే కట్టాలని, ఉన్న ఒక్క చీరా నీళ్ళలో ముంచింది. సర్దుకుపోలేదా? గుడివీధిలో అందరూ మెచ్చుకున్యారు."

ఈ కథ ఆమె నలభై ఏళ్ళుగా చెబుతూ ఉంది. కొత్త కోడళ్ళు వాయినం తీసుకోవడానికి వస్తే చెప్పేది. సాయిలక్ష్మికి కాపురానికి వచ్చిన మూడోనాడే చెప్పింది. అందులో అత్త క్రమశిక్షణ ఉండేది, కోడలి అణకువ ఉండేది, వీధి మెప్పు ఉండేది. అంతటితో కథ ముగిసేది.

"ఆ పొద్దు మీరు ఏడ్చినారా అత్తమ్మా?"

నాగరత్నమ్మ రవికెను చీర మడతలోకి దోపింది.

"ఏడ్చింది," అన్నాడు రామం తడికాళ్ళతో గుమ్మంలో నిలబడి. "మూడు దినాలు అన్నం ముట్టలేదు. మా అమ్మ ఆ గంగాళంలోనే ముంచింది. తడి చీరే కట్టుకొని పోతానని ఈమె చేతుల్లోకి తీసుకుంటే, మా అమ్మ లాక్కొని మళ్ళీ ముంచింది. నేను ఆడ్నే ఉన్నా. పంచె కుచ్చిళ్ళు సవరించుకుంటాంటి."

"ఏమండీ, ఇప్పుడెందుకవన్నీ!"

"నలభై ఏండ్లుగా సగం కథే చెప్తాండావు రత్నా. మిగతా సగం నేనన్నా చెప్పాల గదా."

సాయిలక్ష్మి అత్త ముఖంలోకి చూసింది. "మీ అత్తకు ఆ నొప్పి తెలియదు అత్తమ్మా. ఆయమ్మ బడి ముఖం చూడలేదు. మీకు తెలుసు. ఎట్లుంటుందో తెలిసి, నేను కాళ్ళకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి మరీ పంపినారు."

తర్వాత భర్త వైపు తిరిగింది.

"పొద్దున సంచి ఈడ్నే ఉన్నింది. నువ్వు బూట్లేసుకుంటాంటివి. చూసినావా?"

విష్ణుతేజ తల వంచి బూట్ల వైపు చూశాడు.

"ఏదో టిఫిను పెడ్తాందేమో అనుకున్యా."

"చీర మాదిరి ఉంటుందా టిఫిను?"

అతడు వంగి లేసు సవరించుకున్నాడు. నలభై ఏళ్ళ కిందటి పంచె కుచ్చిళ్ళకూ ఈనాటి లేసులకూ ఆ ఇంట్లో పెద్ద తేడా ఏమీ రాలేదు.

సాయిలక్ష్మి పెరట్లోకి వెళ్ళి గంగాళం మూత తీసింది. చొక్కానూ ప్యాంటునూ పిండి, తీగ మీద ఉన్న పాత చీరను లాగి కింద పడేసి, నడిఎండలో, వీధికి కనిపించేటట్టు ఆరేసింది.

మరునాడు ఎనిమిది గంటలకు నాగరత్నమ్మ ఎవరికీ చెప్పకుండా ఎర్రగుంట్ల బస్సెక్కింది. తాను పెద్దదాన్ననీ, అర్చకుడి భార్యననీ, వెళ్ళి ఒక మాట చెబితే మళ్ళీ పరీక్ష పెడతారనీ ఆమె నమ్మకం. ఎర్రగుంట్లలో ఎక్కిన ఆటో దిగేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. కాపలా ఇనాయతుల్లా చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికి పోతాండావమ్మా? చీరతో లోపలికి పోనియ్యం."

"మేం పెద్దవాళ్ళం నాయనా. చీర కాక ఏం కడతాం?"

"పెద్దోళ్ళు చిన్నోళ్ళు అని కాదమ్మా. అద్దో, ఆడ బెల్టులు తిరుగుతాండాయి. కొంగు తగులుకునిందంటే మనిషిని గూడా ఈడ్చుకుంటాది. ఇంకో ఫ్యాక్టరీలో ఒకామెకు చెయ్యి పోయింది. నా లుంగీకి గూడా ఇదే రూలు."

ఎందుకని అడగకముందే కారణం చెప్పిన నియమాన్ని నాగరత్నమ్మ అరవై రెండేళ్ళలో మొదటిసారి విన్నది. తన ఇంటి నియమాలకు కారణం అడిగిన వాళ్ళు లేరు. అడిగి ఉంటే చెప్పడానికి ఆమె దగ్గర ధర్మకర్త భార్య నవ్వు తప్ప ఇంకేమీ లేదు.

"నిన్న ఒక అమ్మాయిని ఆపినారు గదా..."

"ల్యాబు పాపనా? నేనే ఆపినా." అతడి గొంతు తగ్గింది. "నాకే శానా బాధైంది తల్లీ. ఆ చెట్టు కింద నిలబడుకొని ఇంటికి ఫోన్ చేసి చేసి, ఆఖరికి నా ఫోన్ ఇమ్మనింది. దాన్నించి గూడా చేసింది. ఎవురూ తీయలేదు. అంత పెద్ద పరీక్ష పెట్టుకొని, ఇంట్లో వాళ్ళు ఫోన్ దగ్గర ఉండరా? ఎవురమ్మా వాళ్ళు, మనుషులేనా?"

తొమ్మిదోసారి మోగిన నంబరు ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నేనే," అంది నాగరత్నమ్మ.

ఇనాయతుల్లా ఆమె వైపు చాలాసేపు చూశాడు. లోపలి ఆఫీసుకు ఫోను కలిపి రిసీవరు ఆమె చేతికిచ్చాడు. లారీ డ్రైవర్లు వింటూండగా ఆమె చెప్పింది.

"అయ్యా, నేను సాయిలక్ష్మి అత్తను. బట్టలు మార్చింది నేను. నీళ్ళలో ముంచింది నేను. ఫోను తీయనిది నేను. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. ఇంకొకసారి పరీక్ష పెట్టండి."

అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "ఆర్డరు వెళ్ళిపోయిందండీ. మళ్ళీ పోస్టు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి." ఫోను పెట్టేశాడు.

సాయంత్రం సాయిలక్ష్మి నీలం చొక్కా, బూడిదరంగు ప్యాంటుతోనే బస్సు దిగి గుడివీధిలో నడుచుకుంటూ వచ్చింది. ధర్మకర్త భార్య అరుగు మీద నుంచి చూసింది. చూడనీ అన్నట్టు సాయిలక్ష్మి అదే నడకతో ఇంట్లోకి వచ్చింది. గేటు దగ్గర జరిగింది ఆమెకు ఇనాయతుల్లా చెప్పే ఉన్నాడు. ఆ మాట ఎత్తలేదు. బట్టలు మార్చుకుని వాటిని ఉతకడానికి తీసుకుపోతూ ఉంటే నాగరత్నమ్మ ఎదురొచ్చింది.

"ఇట్లియ్యమ్మా. నేను ఉతికి పెడతా."

"వద్దత్తమ్మా. మీ చేతికి ముంచేది బాగా అలవాటైంది."

ఆ రాత్రి నుంచి ఆ బట్టలు తాళం వేసిన పెట్టెలో ఉండేవి. పిల్లి నుంచి పాలను దాచినట్టు తన నుంచి కోడలు రెండు గుడ్డలను దాస్తోందని నాగరత్నమ్మ చూసింది. తన అత్తకు చివరి రోజుల్లో తాను మజ్జిగ అందించేది. కానీ ఏనాడూ ఆ ముఖంలోకి చూసి అందించలేదని, ఆ ఇత్తడి గంగాళాన్ని తోముతూ ఉండగా గుర్తొచ్చింది. ఆ ఆరు గజాల చీర కథ చెప్పమని తర్వాత ఎవరడిగినా ఆమె చెప్పలేదు.

వంటింటి పక్క గదిలో, చేతికందని ఎత్తులో, మడి దండెం ఉంటుంది. మడిబట్ట ఆరేది దాని మీదే. మైల తగలకుండా కర్రతో వేస్తారు, కర్రతో తీస్తారు. దాని మీద ఉన్నదాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. నాగరత్నమ్మ తన పట్టుచీరను దాని మీద నుంచి తీసేసి, మడికర్రను కోడలి గది గుమ్మానికి ఆనించింది.

"దీని మీద ఆరేసినదాన్ని ఎవరూ ముట్టుకోరమ్మా. నేను గూడా" అంది.

సాయిలక్ష్మి తల ఎత్తలేదు. కర్ర అక్కడే ఉండిపోయింది. దండెం పదకొండు రోజులు ఖాళీగా ఉంది.

పన్నెండో రోజు ఉదయం నాగరత్నమ్మ దీపం పెట్టడానికి ఆ గదిలోకి వచ్చింది. దండెం మీద నీలం చొక్కా ఆరుతోంది. అంచు నుంచి ఒక్కొక్క చుక్క నేల మీద పడుతోంది. చొక్కా చెయ్యి ఒకటి మడతపడి, అక్కడ తడి నిలిచిపోయింది. విదిలించి సరిచేయాలని ఆమె చేతులు లేచాయి.

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. వెనక గుమ్మంలో సాయిలక్ష్మి నిలబడి అదంతా చూస్తోందని ఆమెకు తెలియదు.

"దీపం పెట్టుకోండి అత్తమ్మా" అంది సాయిలక్ష్మి. ముందుకొచ్చి, కర్రతో పని లేకుండా, మునివేళ్ళ మీద లేచి, ఆ చొక్కా చెయ్యిని తానే సరిచేసుకుంది.