గాళెప్ప కూర్చున్న బెంచీ

రాగి బిందె దొరికింది. దొంగ కూడా దొరికాడు.

హోటలు యజమాని సుబ్బరామి చెప్పిన మాట అది. ఉదయం తొమ్మిదిన్నరకు నలుగురు రైతులతో పోలీసు స్టేషనుకు వచ్చాడు. చంకలో బిందె. వెనక, తువ్వాలుతో చేతులు కట్టేసిన మనిషి.

ఆ మనిషి గాళెప్ప. సండూరు గనుల్లో లారీలకు ఖనిజం ఎత్తే కూలి. సబ్ ఇన్‌స్పెక్టర్ శ్రీమన్నారాయణకు అతను కొత్త కాదు. సోమవారమే వచ్చి సుబ్బరామి మీద ఫిర్యాదు రాయించాడు. కురుగోడు దారిలోని హోటల్లో బెంచీ మీద కూర్చుంటే, మాదిగవాడని టీ ఇవ్వకుండా లేపేశారని.

అది 1958. అంటరానితనం నేరమని చట్టం వచ్చి మూడేళ్లు. ఆ స్టేషన్లో దాని కింద నమోదైన మొదటి కేసు అదే.

"బిందె ఎక్కడ దొరికింది?"

"ఈని గుడిసెలో సార్. రాత్రి మా వంటింట్లోంచి ఎత్తుకపోయినాడు. తెల్లారేతలికి దాన్నిండా నీళ్లు పోసుకోని తాగతాండారు."

"ఎవరు చూశారు?"

"ఈ నలుగురూ."

నలుగురూ తలూపారు. పంచనామా మీద వరసగా సంతకాలు చేశారు.

"నువ్వేమంటావు గాళెప్పా?"

"నేను తీయలేదు సామీ. ఫిర్యాదు వాపసు తీసుకోమన్న్యారు. తీసుకోనంటి. అంతే."

ఐదుగురి మాట ఒకవైపు. ఒక్కడి మాట ఒకవైపు. శ్రీమన్నారాయణకు చిరాకేసింది.

"బిందె లేకుంటే హోటలు నడవదు సార్. పూచీకత్తు రాసిచ్చి తీసుకపోతా" అన్నాడు సుబ్బరామి.

"సరే. నేనూ వస్తాను. దొంగతనం జరిగిన చోటు చూడాలి."

గాళెప్పను స్టేషన్లోనే ఉంచి, అందరూ జీపులో బయల్దేరారు.

హోటలు చేరగానే సుబ్బరామి పెరటి బావిలో నీళ్లు తోడి బిందె నింపాడు. వంటింటి గట్టు మీద పెట్టాడు. ఎండలో వచ్చిన నలుగురూ తలా ఒక చెంబు ముంచుకుని తాగారు. శ్రీమన్నారాయణకూ గ్లాసు అందించారు. ఆయన తీసుకోలేదు. పెరట్లోకి చూస్తున్నాడు.

అక్కడ ఒక బెంచీ తలకిందులుగా పడి ఉంది. దాని మీద పేడ ఎండి పొరలుగా లేస్తోంది.

"ఆ బెంచీ గాళెప్ప కూర్చున్నదేనా?"

"హౌదు సార్, అదే. పేడనీళ్లతో కడిగి ఎండకేసినాం. మైల గదా."

"ఇంకా లోపలికి తేలేదేం?"

"శుద్ధి కాలేదు. అయ్యవారు రావాల."

శ్రీమన్నారాయణ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాసేపు కూర్చున్న చెక్కకే ఇంత మైల పట్టిందా? మరి రాత్రంతా అతని గుడిసెలో ఉన్న బిందె సంగతేంటి? అతని ఇంటివాళ్లు తాగిన బిందె అది. చింతపండుతోనైనా తోమకుండా మీరంతా అందులో నీళ్లెలా తాగారు?"

నలుగురూ చేతుల్లోని చెంబులు కింద పెట్టారు. పొయ్యి దగ్గరున్న సుబ్బరామి భార్య తిమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే అంది.

"అది మా అటక మింద ఉండె సార్. గుడిసెకు పోనేలేదు. ఈ పని వద్దని ముందే అంటి."

సుబ్బరామి ముఖం వాడిపోయింది.

"మంచిది. గాళెప్ప ఫిర్యాదుకు ఆ బెంచీయే సాక్ష్యం. జప్తు చేస్తున్నాను. సంతకాలు పెట్టండి" అన్నాడు శ్రీమన్నారాయణ.

"నాకు కండ్లు సరిగ్గా కనపడవు సార్" అన్నాడు ఒక రైతు.

"నేను ఈడ లేను" అన్నాడు ఎదురుగా నిలబడి ఉన్న ఇంకొకడు.

మిగతా ఇద్దరూ అప్పటికే పెరటి దారిన జారుకున్నారు. వీధంతా తిరిగినా ఒక్క సంతకం దొరకలేదు.

దొంగతనం కేసు కొట్టేశారు. గాళెప్ప ఇంటికి వెళ్లాడు. అతని కేసు మాత్రం కోర్టులో నిలవలేదు. బెంచీకి చెద పట్టిందని, అందుకే పేడనీళ్లతో కడిగి ఎండకేశామని సుబ్బరామి చెప్పాడు. కాదనడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. తిమ్మమ్మను గడప దాటనివ్వలేదు.

శ్రీమన్నారాయణ కోర్టు మెట్ల మీద చాలాసేపు నిలబడిపోయాడు. రాజ్యాంగంలో పదిహేడో అధికరణం ఉంది. దాని కింద చట్టం ఉంది. ఆ చట్టం కింద సంతకం పెట్టే చెయ్యే లేదు. గాళెప్పకు ముఖం చూపించలేక జీపెక్కి వెళ్లిపోయాడు.

మరుసటి వారం గాళెప్పే స్టేషనుకు వచ్చాడు. పక్కన భార్య.

"మళ్లీ పోయి కూచున్న్యాం సామీ. టీ ఇయ్యలేదు. రాసుకో."

"సాక్షి ఎవరు గాళెప్పా?"

"పోయినసారి నేనొక్కణ్ణే. ఈసారి వాళ్లు నన్ను లేపింది ఈమె చూసింది. ఈమెను లేపింది నేను చూసినా."

 శ్రీమన్నారాయణ కుర్చీ ముందుకు జరుపుకుని కలం తీశాడు.

"ముందు నీ ఫిర్యాదు చెప్పమ్మా. పేరు?"

"హులిగెమ్మ."